పేరు కొండదా, పండుదా?

బ్రిస్బేన్ శివారు సన్నీబ్యాంక్ నుంచి నైరుతి దిక్కుగా రెండొందల కిలోమీటర్లు దాటి వెళ్తే స్టాంథార్ప్ చుట్టూ గ్రానైట్ బెల్ట్ ఉంది. క్వీన్స్‌లాండ్ అంటే ఎండ, చెరకు, మామిడి అనుకునేవాళ్లకి ఈ చలి సీమలోని ద్రాక్షతోటలు ఆశ్చర్యమే. సముద్రమట్టానికి సుమారు 800 మీటర్ల ఎత్తు, నేలంతా గ్రానైటు. ఇక్కడి పంటల్లో షిరాజ్ ముఖ్యమైనది. ఫ్రాన్స్‌లో రోన్ నది గట్టున హెర్మిటేజ్ అనే కొండ మీద పండేదీ ఆ ద్రాక్షే. అక్కడ దాన్ని సిరా అంటారు. ఆ కొండ పడమటి భాగమూ గ్రానైటే. తీగ ఒకటే, రాయీ ఒకటే అయినప్పుడు వైన్ పేరు మాత్రం వేరుగా ఎందుకుండాలి? ఉండి తీరాలన్నదే నా వాదన.

హెర్మిటేజ్ మొత్తం కలిపినా నూట ముప్పై అయిదు హెక్టార్లకు కాస్త అటూ ఇటూ. ఏటవాలు ఎంతంటే, మట్టి జారిపోకుండా రాతిగోడలు కట్టి, చాలాచోట్ల పనంతా చేత్తోనే చేయాలి. 1937లో ఫ్రెంచి ప్రభుత్వం ఈ పేరుకు చట్టరక్షణ ఇచ్చినప్పుడు హద్దులు గీసి ఊరుకోలేదు. ఏ ద్రాక్ష వేయాలో, ఎంత దిగుబడి మించకూడదో కూడా రాసింది. ఎర్ర వైన్‌లో సిరాతోపాటు మార్సాన్, రూసాన్ అనే తెల్ల ద్రాక్షలు 15 శాతం వరకే కలపొచ్చు. అంటే ఆ పేరు చెప్పేది చోటు ఒక్కటే కాదు, చోటుకి అలవాటుపడిన పనితీరు కూడా. ఆస్ట్రేలియాలో ఒకప్పుడు షిరాజ్‌నే హెర్మిటేజ్ అనేవారు. పెన్‌ఫోల్డ్స్ కంపెనీ వారి ప్రఖ్యాత వైన్ గ్రేంజ్ కూడా 1989 పంట దాకా గ్రేంజ్ హెర్మిటేజే. కొండ పేరు పండు పేరైపోయాక, ఆ మాట వింటే కొండ గుర్తుకు రావడం మానేసింది.

పేరును ఇలా ఒక్క చోటికే కట్టేయడం పాతకాపుల గుత్తాధిపత్యమని కొందరంటారు. వలస వచ్చినవాడు విద్యను వెంట తెచ్చుకుంటాడు కదా, పేరెందుకు తెచ్చుకోకూడదు? ఇటలీ ఉదంతం ఈ అనుమానానికి బలమిస్తుంది. ప్రొసెక్కో అనే ద్రాక్షకు 2009లో గ్లేరా అని పేరు మార్చి, పాత పేరును ప్రాంతానికి కట్టబెట్టారు. అప్పటికే ఆ ద్రాక్ష పండిస్తున్న ఆస్ట్రేలియాలోని విక్టోరియా రైతులకి అది అన్యాయంగానే తోచింది. వారి కోపంలో న్యాయముంది, ఎందుకంటే అక్కడ ఆట మధ్యలో నియమం మారింది. కానీ విద్య వేరు, పేరు వేరు. అరువు పేర్లు వదిలేయడం వల్ల ఆస్ట్రేలియా వైన్ కుప్పకూలలేదు. 2002లో గ్రానైట్ బెల్ట్ తన పేరునే నమోదు చేసుకుంది. సీసా మీద ఆ పేరుంటే కనీసం 85 శాతం ద్రాక్ష అక్కడిదై ఉండాలి. దేశంలో అరుదుగా కనిపించే రకాలను 'స్ట్రేంజ్ బర్డ్' పేరుతో ముందుకు తెచ్చి, తనదైన ముఖం తానే దిద్దుకుంటోంది.

వైన్ గొడవ తెలుగువాళ్లకెందుకు అనిపిస్తే, బంగినపల్లి మామిడిని తలుచుకోండి. నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరు ఎప్పుడో పండు పేరైపోయింది; సంతలో ఆ మాట అన్నవారెవరూ ఊరిని తలుచుకోరు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చినా, కోస్తా, తెలంగాణ జిల్లాలు కూడా అందులో చేరాయి. అన్నిచోట్లా తరాలుగా పండిస్తున్నప్పుడు ఒక్క ఊరికే ఇవ్వడం అన్యాయమంటే ఒప్పుకుంటాను. అయితే హద్దులు ఎంత విశాలమైతే నియమాలు అంత గట్టిగా ఉండాలి. కాయ ఎంత ముదిరాక కోయాలి, ఎలా మాగబెట్టాలి అన్నదాంట్లోనే రుచి సగం ఉంది. కార్బైడుతో రంగు తెప్పించిన కాయకీ, గడ్డిలో మాగిన పండుకీ ఒకే పేరు చెల్లుతున్నంతకాలం నమోదు పత్రం గోడకు తగిలించుకోవడానికే పనికొస్తుంది. హెర్మిటేజ్ నుంచి మనం అరువు తెచ్చుకోదగ్గది పేరు కాదు, ఆ పట్టింపు.