తాడు పట్టేవాడు

నల్లమలలో కొండతేనె తీయడానికి చెంచు మనిషి లోయలోకి దిగుతుంటే, పైన తాడు పట్టుకునేది బావమరిది. అన్నదమ్ములకు ఆ పని అప్పగించరు. ఎందుకని అడిగితే గూడెం పెద్దలు చెప్పే కారణం ఒకటే. అన్నదమ్ముల మధ్య ఏ పాత పగో, ఏ ఆశో ఉండొచ్చు గానీ, తోడబుట్టినదాని పసుపుకుంకుమలు తుడిచిపెట్టాలని ఎవడికీ ఉండదు. సాహసయాత్రల భద్రత గురించి నేను చదివినవాటిలో ఇంత లోతైన సూత్రం ఇంకొకటి కనబడలేదు. దిగేవాడి ధైర్యం సంగతి తర్వాత, ముందు పట్టేవాడి మనసెలాంటిదో చూసుకున్నారు వాళ్లు.

దోర్నాల అవతల ఒక గూడెంలో ఆ మోకును దగ్గర నుంచి చూశాను. చెట్టు నారతో పేనింది. పెద్దాయన దాన్ని ఒళ్లో వేసుకుని, మూరమూరకూ వంచి, పురి కాస్త విప్పి లోపలి నార తడుముతున్నాడు. పైకి నున్నగా ఉన్నచోట కూడా లోపల ఎండి పెళుసెక్కి ఉండొచ్చట. "కంటికి బాగుంటే సాలదు సారూ, యేలికి తెలియాల" అన్నాడు. తాడు కట్టే చెట్టు పచ్చిదై ఉండాలి, దాని వేరు బండ సందుల్లోకి దిగి ఉండాలి. కట్టాక కూడా పట్టేవాడు చెట్టు మీదే భారం వేసి చేతులు దులుపుకోడు. మోకును నడుం చుట్టూ తిప్పుకుని, పాదాలు రాతికి తన్నిపెట్టి కూర్చుంటాడు. కింద పొగ, ఈగల రొద, గాలి. కేకేసినా వినబడదు. అందుకని కబురంతా తాడు మీదే నడుస్తుంది. ఎలా లాగితే ఆపాలో, ఎలా లాగితే పైకి తీయాలో ఇద్దరూ ముందే అనుకుని ఉంటారు.

"కిందికి చూడవా మామా?" అని అడిగాను.

"చూస్తే చెయ్యి ఏమారుద్ది" అన్నాడు.

ఇప్పుడు కుర్రకారు రాపెలింగ్ అని మోజుపడేది ఈ దిగుడునే. భువనగిరి కోట బండ మీద రాక్ క్లైంబింగ్ నేర్పేచోటా పాఠం పెద్దగా వేరేమీ కాదు. జర్మనీలో ఎడెల్‌రిడ్ కంపెనీ 1953లో తెచ్చిన కెర్న్‌మాంటిల్ రకం తాళ్లే ఈనాడు ప్రపంచమంతా వాడుతున్నారు. లోపల బరువు మోసే పోగులు, పైన రాపిడిని కాచే అల్లిక. దాన్ని కూడా వాడేముందు ఆ చివర నుంచి ఈ చివర దాకా వేళ్ల మధ్య జారనిచ్చి చూడాలి. ఎక్కడన్నా మెత్తగా తగిలితే, ఉబ్బి కనిపిస్తే పక్కన పడేయాలి. పైన తాడుకు ఒకటి పోతే ఒకటి కాసేలా రెండు ఆధారాలుండాలి. తాడు తగిలించే లోహపు కొక్కెం, అదే కరాబైనర్, దాని మర బిగిసిందో లేదో కట్టినవాడు కాక ఇంకొకరు చూడాలి. కింద నిలబడ్డ మనిషి తాడు గట్టిగా గుంజితే, పట్టు జారినవాడు ఉన్నచోటే ఆగిపోతాడు. అంటే ఇక్కడా ప్రాణం ఇంకొకరి చేతిలోనే ఉంది. ఫొటోలో కనిపించేది హెల్మెట్ పెట్టుకుని నవ్వుతున్న దిగేవాడు. పక్కన నిలబడి రెప్ప వేయకుండా చూస్తున్నవాడు ఏ ఫొటోలోనూ ఉండడు.

ఈ మాట ఇప్పుడెందుకంటే, మా పశ్చిమ ప్రకాశానికి షికారు జనం పెరుగుతున్నారు. శ్రీశైలం వెళ్లేవాళ్లు దోర్నాల ఘాట్‌లో తుమ్మలబైలు దగ్గర ఆగి జీప్ సఫారీ ఎక్కుతున్నారు. ఇష్టకామేశ్వరి అమ్మవారి దగ్గరికి రాళ్లదారిలో ఎముకలు కదిలిపోయేలా వెళ్లొస్తున్నారు. భైరవకోనలో ఒకే కొండను తొలిచిన ఎనిమిది గుహాలయాలు, పక్కనే జలపాతం. గిద్దలూరు వైపు దిగువమెట్ట అడవి, గుండ్లకమ్మ ఒడ్డున నెమలిగుండ్ల రంగనాయకస్వామి. దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం మన గడపలో ఉంది. పులి కనబడలేదని సఫారీ నుంచి మొహాలు వేలాడేసుకుని దిగేవాళ్లను చూస్తే మాత్రం నాకు బాధేస్తుంది. అదే జీపులో ముందు సీట్లో కూర్చున్న చెంచు కుర్రాడు నల్లమద్ది మాను మీద గోళ్ల గీతలు చూపించి ఉంటాడు. కొండముచ్చు ఒక్కసారిగా కూత మార్చితే బండి ఆపించి ఉంటాడు. కణితి కూసిన దిక్కు పట్టి పులి ఎటు నడుస్తోందో చెప్పి ఉంటాడు. వినే ఓపిక ఉన్నవాడికి అది పులిని చూసినంతే.

ఇక్కడికి జిప్‌లైన్లు, అద్దాల వంతెనలు రావాలనేవాళ్లున్నారు. నాకు సమ్మతం కాదు. వాటిని ఏ ఊరి గుట్ట మీదైనా కట్టుకోవచ్చు. అభయారణ్యం నడిబొడ్డున కాలినడకకు అనుమతి లేదు, ఉండకూడదు కూడా. జూలై నుంచి సెప్టెంబరు దాకా సఫారీలు మూసేయడమూ, రాత్రిపూట ఘాట్ రోడ్డుకు గేటు వేయడమూ సబబే. కానీ అడవి అంచున, వెలిగొండల గట్ల మీద, అటవీశాఖ అనుమతి ఉన్న దారుల్లో చెంచు గైడ్ వెనక నడిపించవచ్చు. కొండ దిగడం నేర్పించవచ్చు. మన దగ్గర లోటు ఉన్నదల్లా తాడు పట్టేవాళ్లకు దక్కే లెక్కలోనే. వారాంతంలో రోజుకూలి ఇచ్చి పంపేసే గైడ్‌కు శిక్షణ లేదు, బీమా లేదు, కాలు విరిగితే అడిగే దిక్కు లేదు. తేనె తెస్తే గిరిజన సహకార సంస్థ కొంటుంది. ఆ తేనె తెచ్చిన చేతి నేర్పుకు మాత్రం ఇప్పటిదాకా ధర కట్టలేదు.

ఆ చేతులకు శిక్షణ ఇవ్వడమేమీ జరగని పని కాదు. 2014 మే 25న పదమూడేళ్ల మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా పిల్లవాడు ఆనంద్‌కుమార్ ఎవరెస్ట్ ఎక్కారు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల్లో చదివినవాళ్లే. భువనగిరి బండ మీద మొదలై డార్జిలింగ్ దాకా సాగిన శిక్షణ వాళ్లది. దోర్నాల, యర్రగొండపాలెం చెంచు పిల్లలకు ఆ బండ ఎక్కడో లేదు, ఇంటి వెనకే ఉంది. మోకు పేనడం, చెట్టు ఎంచడం తాతల దగ్గర చూసిన పిల్లలకు కరాబైనర్ అర్థం కావడానికి ఎంతసేపు? శిక్షణ ఇచ్చి, సర్టిఫికెట్ చేతిలో పెట్టి, నెల జీతం మీద పెట్టుకోవాలి.

మొదట పెట్టాల్సింది నెమలిగుండ్లలో. శనివారం అక్కడ కుటుంబాలకు కుటుంబాలే దిగుతాయి. అక్కడి నీటి గుండం లోతు పైకి తెలియదు, నాచు పట్టిన రాయి మీద అడుగు నిలవదు. ఈతరాని కుర్రాళ్లు సెల్ఫీ కోసం అంచుకు జరుగుతుంటారు. ఒడ్డున ఒక బలమైన తాడు, దాని కొసన గాలి నింపిన ట్యూబు, దాన్ని విసరడం నేర్చిన ఇద్దరు మనుషులు. టోల్ గేటు, పార్కింగ్ రుసుము ఏర్పాటు చేయడానికి పట్టేంత కాలం కూడా పట్టదు దీనికి. వచ్చే కార్తీకానికి ముందే చేయవచ్చు.