ఐదు పేజీల పనితనం

వైద్య పరిశోధనా వ్యాసాన్ని పనితనం కోసం చదివేవాళ్లు తక్కువ. చివర ఏం తేలిందో చూసి పక్కన పెట్టేస్తాం. 2004లో ‘గట్’ అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన ఓ ఐదు పేజీల వ్యాసాన్ని మాత్రం ఎలా చేశారో చూడటానికే చదవాలి. రాసినవాళ్లు నలుగురు: అలెన్, డి మూర్, హెడిల్, ట్వార్ట్జ్. అందరూ ఆస్ట్రేలియా వైద్యులు. పని జరిగిన చోటు దక్షిణ ఆస్ట్రేలియాలో, అడిలైడ్ నగరం పక్కనున్న కొండ ఊళ్లు. విషయం గంజాయి. ఏళ్ల తరబడి మితిమీరి గంజాయి తాగినవాళ్లలో కొందరికి విడతలు విడతలుగా పట్టుకునే వాంతుల జబ్బును అందులో వర్ణించారు. ఇవాళ ప్రపంచమంతటా ఎమర్జెన్సీ వార్డుల్లో ‘కన్నాబినాయిడ్ హైపరెమెసిస్’ అని పిలుస్తున్న ఆ జబ్బుకు ఇదే తొలి వివరమైన వర్ణన.

ఆ రోజుల్లో ఈ మాట అనడానికి గుండె ధైర్యం కావాలి. వైద్యశాస్త్రానికి తెలిసిన గంజాయి వాంతులు కట్టించేది, తెప్పించేది కాదు. గంజాయిలో మత్తునిచ్చే టీహెచ్‌సీని కృత్రిమంగా తయారు చేసిన డ్రోనాబినాల్ అనే మందును కీమోథెరపీ రోగుల వాంతులకు వాడుకోవచ్చని అమెరికా 1985లోనే అనుమతించింది. కాబట్టి రోగి వచ్చి “కడుపులో తిప్పినప్పుడు రెండు దమ్ములు లాగితే సర్దుకుంటుంది డాక్టరుగారూ” అంటే కాదనడానికి డాక్టరు దగ్గర ఆధారం లేదు. పుస్తకమూ అదే చెబుతోంది, రోగి అనుభవమూ అదే చెబుతోంది. ఆ రెండింటినీ పక్కనపెట్టి రోగి వంక చూడటంతో మొదలైంది వీళ్ల పని.

జబ్బు నడిచే తీరు ఇలా ఉంటుంది. మనిషి సాధారణంగా పడుచువాడు. గంజాయి రోజూ ఉండాలి, అదీ కొన్నేళ్లుగా. మొదట్లో పొద్దున లేవగానే వికారం, కడుపులో ఏదో ఇబ్బంది. అలా నెలలు గడుస్తాయి. ఒకరోజు వాంతులు మొదలై ఇక ఆగవు. గుక్కెడు మంచినీళ్లు కూడా నిలవవు. కడుపునొప్పికి మెలికలు తిరుగుతాడు. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కిస్తారు, వాంతుల ఇంజెక్షన్ ఇస్తారు, అది పెద్దగా పనిచేయదు. ఎండోస్కోపీలో ఏమీ కనపడదు, స్కానింగ్‌లో ఏమీ కనపడదు. రెండు మూడు రోజులకు తేరుకుని ఇంటికి పోతాడు, కొన్ని వారాలకో నెలలకో మళ్లీ అదే మంచం మీదికి వస్తాడు. కారణం దొరక్క కొందరికి పిత్తాశయం తీసేసిన సందర్భాలూ ఉన్నాయి.

ఈ రోగులకు ఇంకో చిత్రమైన అలవాటు ఉంటుంది. వాంతులు ఉధృతంగా ఉన్నప్పుడు స్నానాల గదిలోకి పోయి వేడినీళ్ల కింద నిలబడతారు. కొన్ని నిమిషాల్లోనే వికారం తగ్గుతుంది. బయటికి వస్తే మళ్లీ మొదలు, మళ్లీ లోపలికి. నీళ్లు ఎంత వేడిగా ఉంటే అంత ఉపశమనం. డ్యూటీలో ఉన్న నర్సుకు ఇది విసుగు పుట్టించే వ్యవహారమే తప్ప, కేస్ షీటులో రాయాల్సిన లక్షణంగా తోచదు. తోచినా, మానసిక సమస్య అని ఒక మాట రాసి ఊరుకోవడం తేలిక. వీళ్లు అలా ఊరుకోలేదు. ఎవరెవరు స్నానం చేస్తున్నారో లెక్క తీశారు. పాత కేసు ఒకటి కలుపుకుని చూసిన పదిమందిలో తొమ్మిదిమంది చేస్తున్నారని తేలింది. కొత్త విషయం కనిపెట్టామని వ్యాసంలో చెప్పుకున్నది ఈ స్నానం గురించే. ప్రయోగశాలలో ఖరీదైన యంత్రం పట్టుకున్న సంగతి కాదు. వార్డులో తిరిగే ఎవరికైనా కనిపిస్తున్నదే. దాన్ని లక్షణంగా గుర్తించడమే వాళ్ల ప్రతిభ.

ఇక లెక్కల దగ్గరికి వద్దాం. నాకు వ్యాసంలో అన్నింటికంటే నచ్చింది ఈ భాగమే. మొదట దొరికిన రోగులు 19 మంది. అందులో ఐదుగురు ఒప్పుకోలేదు, ఆ తర్వాత కనపడకుండా పోయారు. ఇంకో ఐదుగురి విషయంలో గంజాయి కాక వేరే కారణాలు కలగాపులగంగా ఉండటంతో వాళ్లను రచయితలే తీసేశారు. చివరికి మిగిలింది తొమ్మిదిమంది. 19 అంటే పత్రికలో ఘనంగా కనపడుతుంది, తొమ్మిది అంటే వెలవెలబోతుంది. అయినా బియ్యంలో రాళ్లు ఏరినట్టు ఏరి, ఏరిన రాళ్లు ఎన్నో కూడా పాఠకుడికి చెప్పారు. ఇంకొకరి వ్యాసంలో ఇలాంటి వాక్యం కనపడినప్పుడల్లా ఆ వ్యాసం మీద నాకు నమ్మకం రెట్టింపవుతుంది.

రోగులందరికీ గంజాయి మానేయమని చెప్పారు. మానేశామన్న మాటను ఊరికే నమ్మలేదు, విడవకుండా మూత్రపరీక్షలు చేస్తూ వచ్చారు. అంతకుముందే అచ్చయిన ఒక కేసుతో కలిపి పదిమందినీ చూస్తే, అందరిలోనూ గంజాయి అలవాటు ముందు, వాంతులు తర్వాత. మానేసిన ఏడుగురికి వాంతులు ఆగాయి. మానని ముగ్గురికి ఆగలేదు. కొంతకాలం మానేసిన వాళ్లలో ముగ్గురు మళ్లీ మొదలుపెట్టారు, ముగ్గురికీ జబ్బు తిరగబెట్టింది. వారిలో ఇద్దరు మళ్లీ మానేసి బాగుపడ్డారు. మూడో మనిషి మానలేదు, బాగుపడలేదు. జబ్బు తెస్తుందని అనుమానమున్న పదార్థాన్ని రోగికి మళ్లీ ఇచ్చి చూడటం వైద్యుడికి తగని పని. ఆ పరీక్ష రోగులు తమంతట తామే చేసుకున్నారు. వైద్యులు దాన్ని జాగ్రత్తగా రాసి పెట్టుకున్నారు.

ముందే అచ్చయిన కేసు అన్నాను కదా, దాని కథ వేరు. 1996లో ఒక ఆస్ట్రేలియా మనోవైద్య పత్రికలో వచ్చిన కేసు అది. గంజాయి బాగా తాగే ఆ రోగి వాంతులకు మూలం మనసులో ఉందని అప్పట్లో తీర్మానించారు. ఆ వ్యాసం రాసినవాళ్లలో ముందున్న పేరు గ్రెగ్ డి మూర్. 2004 వ్యాసంలో రెండో రచయిత ఆయనే. ఎనిమిదేళ్ల తర్వాత తన పాత కేసునే కొత్త తొమ్మిదింటి పక్కన పెట్టి, వేరే వెలుగులో చూపించారన్నమాట. తాను అచ్చువేసిన నిర్ణయాన్ని తన చేతులతోనే తిరగదోడటం ఏ వృత్తిలోనైనా అరుదు, వైద్యంలో మరీ అరుదు. డి మూర్ తర్వాత క్రికెటర్ టామ్ విల్స్ జీవిత చరిత్ర రాశారు. మానసిక రోగానికి లిథియం పనిచేస్తుందని 1949లో చూపించిన జాన్ కేడ్ మీద పుస్తకంలోనూ ఆయన చేయి ఉంది. మనిషి కథను ఓపిగ్గా వినే అలవాటు ఆ పుస్తకాల నాటికే ఆయనకు ఉందని ఈ ఐదు పేజీలు చూస్తే తెలుస్తుంది.

లోపాలు లేవని కాదు. తొమ్మిదిమంది చాలా చిన్న సంఖ్య, పోల్చి చూడటానికి వేరే బృందం లేదు. కోట్లమంది తాగుతుంటే కొందరికే ఎందుకు వస్తుందో వ్యాసం చెప్పలేదు, ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. కారణం గంజాయేనా అని అదే పత్రికకు ఉత్తరాలు రాసినవాళ్లూ ఉన్నారు. జవాబు నెమ్మదిగా వచ్చింది. 2012లో అమెరికాలోని మేయో క్లినిక్ 98 మంది రోగుల వివరాలు ప్రచురించింది. వారిలో స్నానం సంగతి కేస్ షీటులో నమోదైనది 57 మందికి. అందులో 52 మంది వేడినీళ్లతో ఉపశమనం కలిగిందన్నారు. అడిలైడ్ కొండల్లో లెక్కపెట్టిన స్నానం ఇప్పుడు ఈ జబ్బును అనుమానించడానికి డాక్టర్లు మొదట అడిగే ప్రశ్నల్లో ఒకటి.

వేడినీళ్లు ఎందుకు పనిచేస్తాయో పూర్తిగా తెలియకపోయినా ఒక దారి కనిపించింది. వేడిని, మిరపకాయ ఘాటును పసిగట్టే గ్రాహకం మన శరీరంలో ఒకటే. ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టినందుకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతిలో వాటా దక్కింది. మిరపలోని ఘాటు పదార్థంతో చేసిన క్రీమును పొట్ట మీద రాస్తే కొందరు రోగులకు వాంతులు తగ్గుతున్నాయి. గుంటూరువాళ్లు ఇది విని ముసిముసిగా నవ్వుకోవచ్చు. అలాగని ఇంట్లో కారం పూయకండి, చర్మం బొబ్బలెక్కుతుంది. హాలోపెరిడాల్ అనే పాత మానసిక వ్యాధి మందు కూడా మామూలు వాంతుల మందుకంటే బాగా పనిచేస్తోంది. ఇవన్నీ ఆ పూట గండం గట్టెక్కించేవే. అశ్రద్ధ చేస్తే ఒంట్లో నీరు, లవణాలు పోయి మూత్రపిండాలు దెబ్బతింటాయి, అరుదుగా ప్రాణం మీదికీ వస్తుంది. మానడం ఒక్కటే అసలు మందు. అదీ నాలుగు రోజులు మానితే చాలదు. టీహెచ్‌సీ కొవ్వులో పేరుకుంటుంది, రోజూ తాగినవాడి మూత్రంలో మానేసిన కొన్ని వారాల వరకూ కనిపిస్తూనే ఉంటుంది.

మన దగ్గర ఈ జబ్బును పట్టుకోవడం ఇంకా కష్టం. దక్షిణ ఆస్ట్రేలియాలో 1987 నుంచి కొద్దిపాటి గంజాయి దొరికితే జరిమానా కట్టి బయటపడొచ్చు. ఇక్కడ 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం కింద తాగడమే నేరం. కేసు భయంతో, అమ్మానాన్న పక్కనే ఉన్నారన్న సిగ్గుతో కుర్రాడు డాక్టరు ముందు నోరు విప్పడు. అల్లూరి జిల్లా కొండల్లో పట్టుబడిన గంజాయి టన్నుల లెక్క పేపర్లో వస్తుంది, దాన్ని తాగి వార్డులో పడుకున్నవాడి వాంతుల లెక్క ఎక్కడా రాదు. గ్యాస్ట్రిక్ అని మందుబిళ్లలు రాసి పంపేస్తారు.

డాక్టర్లకు ఒక విన్నపం. పడుచువాళ్లు వాంతులతో మళ్లీ మళ్లీ వస్తుంటే, పరీక్షల్లో ఏమీ దొరకకపోతే, తల్లిదండ్రుల్ని కాసేపు బయట కూర్చోబెట్టి “వేడినీళ్లు పోసుకుంటే తగ్గుతోందా?” అని అడగండి. అవునంటే గంజాయి సంగతి ఆ తర్వాత అడగొచ్చు. చదువుతున్నవాళ్లలో ఎవరికైనా ఈ బాధ ఉంటే దాచుకోవద్దు. తక్కువ మోతాదుతో పట్టుబడిన అలవాటుపడ్డవాళ్లు తమంతట తాము గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వెళ్లి, దాన్ని మధ్యలో వదలకుండా పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ పొందే వీలు అదే చట్టంలో 64ఏ సెక్షన్ కింద ఉంది. మత్తు మానడానికి సాయం కావాలంటే కేంద్ర ప్రభుత్వ హెల్ప్‌లైన్ 14446కి ఫోన్ చేయండి, కాల్ ఉచితం.