నేల క్లాసు చెప్పిన మాట

ఫైటింగు సినిమాల మీద చదువుకున్న విమర్శకులు రాసేదంతా దాదాపు ఒకటే మాట. అవి నేల క్లాసు కోసం తీసినవి, నేల క్లాసుకి బుర్రతో పన్లేదు, ఈల వెయ్యడానికి రెండు వేళ్లుంటే చాలు. నేను డిగ్రీ చదివేటప్పుడు ఒక లెక్చరరు గారు పాఠం మధ్యలో ఆపి మరీ అన్నాడు, తెలుగు సినిమా చెడిపోయింది నేల టిక్కెట్టు వాడి అభిరుచి వల్లేనని. ఆ గదిలో నేల టిక్కెట్టు వాళ్లం చాలామందిమే ఉన్నాం. ఇళ్లల్లో మొదటిసారి కాలేజీ గడప తొక్కిన వాళ్లం. ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అభిరుచి అనే మాట ఆ రోజు నాకు మడి అనే మాటలాగే వినిపించింది.

ఈ నాలుగు పేజీలూ ఆ మాటకి జవాబు. నేల క్లాసుకి విమర్శ ఉంది. అది అచ్చులో లేదు, అంతే. ఆట వదిలాక సైకిల్ స్టాండులో, షేరాటోలో, కాలవ గట్టు మీద, మర్నాడు నాట్ల దగ్గర వంగిన నడుముల మధ్య అది నడుస్తుంది. బందరులో, గుడివాడలో, అవనిగడ్డలో, నాగాయలంకలో కొన్నేళ్లుగా నేను వింటూనే ఉన్నాను. చెప్పేవాళ్లు సినిమా పిచ్చోళ్లు కారు. చేతిలో డబ్బులుండి పని లేనిరోజు వెళ్లేవాళ్లు. గిలకలదిండి రేవులో బోట్ల మీద పనికి పోయేవాళ్లు, చిలకలపూడి రోల్డ్‌గోల్డు పనివాళ్లు, కోతల కూలీలు, ఆటోవాళ్లు, నా బళ్లో చదివే పిల్లల అమ్మానాన్నలు.

మా జిల్లాకి సినిమా కొత్త కాదు. తెలుగు సినిమాకి పితామహుడని చెప్పుకునే రఘుపతి వెంకయ్య పుట్టింది బందరులో. నందమూరి తారక రామారావుది నిమ్మకూరు, అక్కినేని నాగేశ్వరరావుది గుడివాడ దగ్గర రామాపురం. 1938లో 'మాలపిల్ల' తీసిన గూడవల్లి రామబ్రహ్మానిదీ గుడివాడ ప్రాంతమే. హీరోలనీ డైరెక్టర్లనీ ఇచ్చిన నేల ఇది. ఆ నేల ఎవరి పేరున ఉందో పట్టాదారు పుస్తకాలు చెబుతాయి. మాకు దొరికింది నేల టిక్కెట్టు. సెంటు నేల లేనివాడు డబ్బు పెట్టి కొనుక్కోగలిగిన నేల అదొక్కటే. మూడు గంటలకి మాత్రం. అందుకే అక్కడ కూర్చుని వాడేమనుకున్నాడో మనం పట్టించుకోవాలి.

మొదటి మాట గుడివాడలో ఒక ఆటోవాడిది. 'బాషా' టీవీలో వస్తుంటే టీ కొట్టు దగ్గర నిలబడి చూస్తున్నాడు. 1995 నాటి సినిమా. "ఇంటర్వెల్ దాకా మనోడు మాస్టారూ, ఆ తర్వాత ఊరోడు" అన్నాడు. ఊరు అంటే ఏమిటో, పేట అంటే ఏమిటో మనకి చెప్పక్కర్లేదు. ఈ ఒక్క వాక్యంతో పాతికేళ్ల తెలుగు యాక్షన్ సినిమా మొత్తం విప్పి చూడొచ్చు. 'సమరసింహా రెడ్డి'లో (1999) హీరో మొదట హోటల్లో పనివాడు. 'నరసింహ నాయుడు'లో (2001) డాన్సు మాస్టారు. 'ఇంద్ర'లో (2002) కాశీలో టాక్సీ తోలుతాడు. పనివాడుగా ఉన్నంతసేపు మాటలు పడతాడు, ఓర్చుకుంటాడు, తల దించుకుంటాడు. మనకి కడుపు మండిపోతుంది, ఎప్పుడు తిరగబడతాడా అని చూస్తాం. తిరగబడ్డాడనే సరికి ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది. వాడు పనివాడు కాడట, ఊరికి పెద్దట, వంశం ఉందట. సుమోలు లేస్తాయి. అంటే కొట్టే హక్కు చేతికి రాలేదు, పుట్టుకకి వచ్చింది.

పనివాడు పనివాడుగానే ఉండి ఎదురు తిరిగితే కథ నడవదా? నడుస్తుంది. 1983లో 'ఖైదీ' నడిచింది. అందులో సూర్యానికి ఫ్లాష్‌బ్యాక్‌లో కోటలేమీ లేవు. మా పేటలో అరవై దాటినవాళ్లు ఇప్పటికీ ఆ సినిమా పేరు చెబుతారు, ఆ తర్వాత వచ్చినవి పేర్లు కలిపేస్తారు. ఆ తేడా వాళ్లకి తెలుసు. ఇంకొకటి చూడండి. 1938లో 'మాల' అన్న మాటతో సినిమాకి పేరు పెట్టగలిగారు. అరవై ఏళ్లు దాటాక పోస్టరు మీదికెక్కింది రెడ్డి, నాయుడు. పోస్టర్లు అతికించే పిల్లలు మాత్రం ఎక్కువగా మన పేటలవాళ్లే.

రెండో మాట దివిసీమలో ఒక పెద్దాయనది. నాకు వరసకి పెదనాన్న. 1977 నవంబరు 19 ఉప్పెనలో చెట్టు పట్టుకుని రాత్రంతా గడిపిన మనిషి. తెర మీద ప్రమాదమంటే ఆయనకి పెద్దగా పట్టింపు లేదు. హీరో గుద్దితే పదిమంది గాల్లోకి లేచి పడుతుంటే, హాలంతా కేకలేస్తుంటే, ఆయన అడిగింది ఒకటే: "ఆ పడేవోళ్లకి కూలెంత ఇత్తారంటావురా?"

నవ్వుకునే ప్రశ్న కాదు ఇది. అందరూ కొట్టేవాణ్ణి చూస్తుంటే ఆయన పడేవాణ్ణి చూశాడు. జీవితమంతా కూలికి పోయిన కన్ను అది. పడేవాళ్లు ఎలా ఉంటారో గమనించండి. నల్లటి ఒళ్లు, నూనె తల, మెళ్లో తాయెత్తు, మొహాన గాటు. వాళ్లకి పేరుండదు. ఉంటే ఏ కోటిగాడో, యాదిగాడో, ఆ 'గాడు' లేకుండా పలకరు. విలను కామందే అయినా వాడి చావుకి రెండు రీళ్లు కేటాయిస్తారు. వాడి మనుషులు మాత్రం ఈగల్లా పోతారు. ఇద్దరు ఆసాముల తగాదాలో ముందు పడేది ఎవరి శవమో పల్లెటూళ్లలో అందరికీ తెలిసిందే. సినిమా ఆ లెక్కనే చూపిస్తుంది గానీ లెక్క తప్పని ఎక్కడా అనదు. మా పెదనాన్న కూలి సంగతి అడిగి ఆ లెక్క తప్పన్నాడు.

ఇక సస్పెన్సు సినిమాల సంగతి. 2014లో 'దృశ్యం' వచ్చింది. అందులో రాంబాబు పెద్దగా చదువుకోని కేబుల్ టీవీ వాడు, సినిమాలు చూసి నేర్చుకున్న తెలివితో పోలీసుల్ని తిప్పలు పెడతాడు. సరదాగా చూసేవాడికీ బుర్ర ఉంటుందని ఒప్పుకున్న సినిమా అది. మా వాళ్లకి బాగా నచ్చింది కూడా. కానీ బందరులో ఒక తాపీ మేస్త్రీ అన్నాడు: "అన్నేసి రోజులు కూర్చోబెట్టి ప్రశ్నలడుగుతారేంటండీ? మనకయితే ముందు కొట్టి తర్వాత పేరడుగుతారు." ఆ సినిమాకి ప్రాణమైన సస్పెన్సు అంతా పోలీసులు రుజువు కోసం ఆగుతారన్న నమ్మకం మీద నిలబడింది. ఆ నమ్మకం లేనివాడికి ఆ సస్పెన్సు సగమే అందుతుంది.

అసలు ఎవరు చంపారన్నది మనకి ఎప్పుడైనా సస్పెన్సా? కృష్ణ దాటితే తెనాలి దగ్గర చుండూరు. 1991 జూలైలో అక్కడ గొడవ రాజుకున్నది సినిమా హాల్లోనే. డిగ్రీ చదివిన దళిత కుర్రాడి కాలు ఒక అగ్రకులం కుర్రాడికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలవలో పడేశారు. ఎవరు చంపారో ఊరందరికీ తెలుసు. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. మన కథల్లో హంతకుడు మొదటి రీల్లోనే తెలుస్తాడు. శిక్ష పడుతుందా లేదా అన్నదే మన సస్పెన్సు. హైకోర్టు తీర్పు దాకానే అది ఇరవై మూడేళ్లు నడిచింది. ఈ సస్పెన్సు తెలుగులో ఎవడూ సినిమాగా తియ్యడు.

చుండూరు ఇంకొకటి కూడా చెప్పింది. హాల్లో దీపాలార్పితే అందరూ ఒకటే అంటారు గదా, చీకట్లో కూడా ఏ కాలు ఎవరిదో వాళ్లకి తెలుస్తుంది. బాల్కనీ, కుర్చీ, బెంచీ, నేల అని డబ్బుతో గీసిన గీతలు ఉన్నన్నాళ్లూ ఊరికి ఇబ్బంది లేదు. చదువుకున్న మన కుర్రాడు కుర్చీ టిక్కెట్టు కొన్న రోజున ఇబ్బంది మొదలైంది.

మూడో మాట ఆడవాళ్లది. వాళ్లు ఫైటింగు సినిమాలకి తక్కువ వెళతారు. టీవీలో వస్తే పని చేసుకుంటూ చూస్తారు. మా అమ్మ బియ్యం ఏరుతూ తలెత్తి చూసి అడుగుతుంది: "ఆ పిల్ల ఏవయిందిరా?" ఆ పిల్ల అంటే హీరో చెల్లెలు. విలను తమ్ముడు చెరిచాడు, పిల్ల ఉరేసుకుంది లేదా నూతిలో దూకింది, హీరో కత్తి పట్టాడు. అక్కడి నుంచి రెండు గంటలు కత్తి కనిపిస్తుంది గానీ ఆ పిల్ల ఊసుండదు. బతికుండి కోర్టుకెళ్లి సాక్ష్యం చెప్పిన పిల్ల ఎన్ని సినిమాల్లో ఉంది? మా అమ్మకి తెలిసిన ఆడవాళ్లు చావలేదు. మర్నాడు ఆ కామందు చేలోకే కలుపుకి వెళ్లాల్సొచ్చింది. ఆ మర్నాడు సినిమాకి తెలీదు. మగ విమర్శకులకీ తెలీదు, మనవాళ్లతో సహా.

నేల క్లాసు ఏది అంటే అది ఒప్పని నేననడం లేదు. పోలీసు హీరో నలుగుర్ని నిలబెట్టి కాల్చేస్తే మన పిల్లలూ చప్పట్లు కొడతారు. 2019 డిసెంబరులో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితులు నలుగుర్ని పోలీసులు కాల్చినప్పుడు మా టీ కొట్టు దగ్గర కూడా సినిమాలాగే జరిగిందని సంబరపడ్డారు. 2022లో సిర్పూర్కర్ కమిషన్ పోలీసులు చెప్పిన కథ నమ్మదగింది కాదని తేల్చింది. చనిపోయిన నలుగురూ లారీల మీద బతికే పేదవాళ్లు. డబ్బూ పలుకుబడీ ఉన్న నిందితుడికి ఇలా ఎన్‌కౌంటర్ ఎప్పుడైనా జరిగిందా అని అడిగితే ఆ టీ కొట్టు దగ్గరే ఒకాయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "నిజవే" అన్నాడు. ప్రశ్న పడితే నేల క్లాసు తన మాట తనే దిద్దుకుంటుంది. పెద్ద విమర్శకుల్లో ఆ గుణం నేను తక్కువ చూశాను.

ఫ్లెక్సీల సంగతీ చెప్పాలి. సినిమా వచ్చిందంటే మన కుర్రాళ్లు చందాలేసుకుని కటౌటుకి పాలు పోస్తారు. హీరో నిలువెత్తున, మన పిల్లలు కింద తపాలా బిళ్లంత. పక్క వీధి హీరో అభిమానుల్తో తలలు పగలగొట్టుకుంటారు. ఆ హీరోలిద్దరూ పెళ్లిళ్లలో పక్కపక్కన కూర్చుని భోంచేస్తారు. ఒకప్పుడు పల్లకీ మోసిన భుజాలే ఇప్పుడు కటౌటు మోస్తున్నాయి.

ఈమధ్య కొంత మార్పొచ్చింది. 'రంగస్థలం' (2018) చివరిదాకా హంతకుడెవరని తిప్పి, పరువు కోసం చంపిన కులాన్ని చూపించింది. హీరోది ఏ కులమో పైకి అనలేదు, మా వాళ్లకి అనక్కర్లేకపోయింది. 'పలాస 1978' 2020 మార్చిలో వచ్చింది, కొద్ది రోజులకే కరోనాతో హాళ్లు మూతబడ్డాయి. 2021లో 'నారప్ప', 'జై భీమ్' హాళ్లకి రానేలేదు, నేరుగా ఫోన్లలోకి వచ్చాయి. 'జై భీమ్' మా పేటలో ఒక ఫోన్ చుట్టూ ఏడెనిమిది మంది కూర్చుని చూశారు. లాకప్ సీన్లలో ఎవరూ ఈల వెయ్యలేదు. ఒకామె "ఆపండయ్యా కాసేపు" అంది. నీళ్లు తాగొచ్చి మళ్లీ పెట్టమంది. మనల్ని గురించిన సినిమా వచ్చేసరికి నేల లేదు, హాలు లేదు.

టిక్కెట్టు గొడవ గుర్తుంది కదా. 2021 ఏప్రిల్‌లో ప్రభుత్వం 35వ నంబరు జీవోతో పంచాయతీల్లో ఏసీ లేని హాళ్లకి కింది తరగతి టిక్కెట్టు 5 రూపాయలని పెట్టింది. 2022 మార్చిలో మార్చి, కనీసం 20 చేసింది. ఏడాదిపాటు పెద్దవాళ్లంతా టీవీల్లో వాదించుకున్నారు. ఆ ఐదు రూపాయల చోట కూర్చునేవాణ్ణి ఎవరూ అడగలేదు.

విద్యార్థులకీ, సంఘాల్లో పనిచేసే మిత్రులకీ ఒక పని చెబుతాను. సినిమా మీద వ్యాసం రాసేముందు ఆట వదిలే వేళకి హాలు గేటు దగ్గర ఒక గంట నిలబడండి. మీ అమ్మని అడగండి, మీ పెదనాన్నని అడగండి. ఎవరు పడ్డారు, ఆ పిల్ల ఏమయింది, ఇంటర్వెల్ తర్వాత వాడు ఎవడయ్యాడు. వాళ్ల మాటల్ని వాళ్ల యాసలోనే రాయండి, దిద్దకండి. నేను తెలుగు చెప్పే మాస్టార్ని, దిద్దడం నా ఉద్యోగం. ఈ మాటల్లో నాకు దిద్దాల్సిన తప్పు ఒక్కటీ కనపడలేదు.