రెండు పక్షముల కొక్క యిల్లు

పరదేశములతో జరిగిన యుద్ధమును జ్ఞప్తి యందుంచుకొనుట ఏ జాతికిని కష్టము కాదు. గెలిచినచో విజయస్తంభము నెత్తుదురు. ఓడినచో వీరుల పేర రాళ్లు నాటుదురు. తనవారిలో తనవారికి జరిగిన యుద్ధమునకు మాత్ర మీ రెండును చాలవు. చంపినవాడును చచ్చినవాడును ఒక్క చెఱువునీరు త్రాగినవారైనప్పుడు, ఎవరి రాయి యెవరి వాకిట నాటవలెనను ప్రశ్న పుట్టును. అంతర్యుద్ధముల కొఱకు నెలకొల్పిన చరిత్ర ప్రదర్శనశాలల మంచిచెడ్డలను ఈ ప్రశ్నతోనే తూచవలెనని నా యభిప్రాయము.

అట్టి ప్రదర్శనశాల నొకదానిని చూచు నవకాశము నాకు గలిగెను. అమెరికాలో ఉద్యోగము చేయు నా తమ్ముని యింటికి బోయినప్పుడు, వర్జీనియా రాష్ట్రపు ముఖ్యపట్టణమగు రిచ్మండులోని అంతర్యుద్ధ ప్రదర్శనశాలలో ఒక పూట గడపితిని. 1861 మొదలు 1865 వఱకు ఉత్తర దక్షిణ రాష్ట్రములకు జరిగిన యా యుద్ధములో ఆఱు లక్షలకు మించిన జనము మరణించిరి. బానిసత్వమే కలహమునకు మూలము. దక్షిణ పక్షమునకు ఆ కాలమున రిచ్మండే రాజధాని. ఓడిన పక్షపు స్త్రీలు కొందఱు, తమ యధ్యక్షుడు డేవిస్ నివసించిన భవనములో 1896లో నొక ప్రదర్శనశాలను తెఱచి, రాష్ట్రమున కొక గది చొప్పున నేర్పఱచి, తమ సైనికుల కత్తులను, జెండాలను, దుస్తులను భక్తితో దాచిరి. పేరునకు ప్రదర్శనశాలయే గాని యది యొక గుడి. ఎవరి దాస్యమునకై యా కత్తులు దూయబడెనో వారి కథ కందు తావు లేకపోయెను.

2006లో నదే నగరమున ట్రెడిగరు ఇనుప కార్ఖానా యుండిన చోట మఱియొక సంస్థ వెలసి, ఉత్తరపక్షము, దక్షిణపక్షము, నల్లవారు అను మువ్వురి దృష్టితోను యుద్ధకథ చెప్పుటకు బూనుకొనెను. 2013లో నీ రెండు సంస్థలును ఏకమయ్యెను. 2019లో క్రొత్త భవనము తెఱవబడెను. పాడుపడిన కార్ఖానా యిటుకగోడలను అద్దముల నడుమ నిలిపి కట్టినా రా భవనమును. ఆ కార్ఖానా దక్షిణసైన్యమునకు వేయి ఫిరంగులకు పైగా పోతపోసినది. అందు పనిచేసినవారిలో బానిసలును గలరు. తమ సంకెళ్లను కాపాడు ఫిరంగులను తమ చేతులతోనే పోసినవారి సంగతి తలచినప్పుడు నే నచట చాలసేపు నిలిచిపోతిని. గుడి పాఠశాలగా మాఱుట కక్కడ నూట పదునేడేండ్లు పట్టినది.

లోపము లేకపోలేదు. పాత ఛాయాచిత్రములకు రంగులు వేసి గోడల కెక్కించిరి. కన్నులకు వేడుకయే గాని, సాక్ష్యమునకు రంగు పూసిన కొలదియు చూచువాని నమ్మకము సడలును. అంతకంటె పెద్ద చిక్కొకటి గలదు. మువ్వురి మాటయు వినిపించుట న్యాయము. మువ్వురి మాటయు సమానముగ నిజమను భావము కలిగించుట న్యాయము కాదు. ఈ రెంటి నడుమ త్రోవ యిఱుకైనది.

ఇంత దూరపు సంగతి మన కేల యని చదువరు లడుగవచ్చును. టెక్కలి ప్రాంతపు బడిలో పాఠము చెప్పువాని కిది దూరపు సంగతి కాదు. మన ఉద్దానమున కొబ్బరి, జీడిమామిడి తోటల నడుమ, పలాసకు చేరువనున్న బొడ్డపాడులో అమరవీరుల స్మారక మొకటి గలదు. 1967 మొదలు 1970 వఱకు శ్రీకాకుళము జిల్లాలో జరిగిన సాయుధ పోరాటమున మడిసినవారి కది నెలవు. పంచాది కృష్ణమూర్తి 1969 మే 27న, ఆయన భార్య నిర్మలయు, కవియైన సుబ్బారావు పాణిగ్రాహియు ఆ డిసెంబరులోను, ఏజెన్సీలో నాయకులైన వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసములు 1970 జూలైలోను చంపబడిరి. ఈ కడపటి యిరువురును నావలెనే బడిపంతుళ్లు. వారి మార్గము నేను మెచ్చను. వారిని కదలించిన దుఃఖమును మఱవను.

ఆ స్మారకము తన పనిని తాను నిజాయితితో జేయుచున్నది. తనవారిని తలచుకొనుటయే స్మారకధర్మము. పోలీసువారును తమ మృతుల నేటేట అక్టోబరు 21న తలచుకొందురు. దళముల చేతిలో జచ్చిన శావుకారులను వారి యిండ్లవారు తలచుకొందురు. ఇరువురి నడుమ నలిగిన సవర, జాతాపు స్త్రీలను తలచుకొనువా రెవరు? నా తరగతిలో దళమున జేరినవాని మనుమడును, కానిస్టేబులు మనుమరాలును ఒక్క బల్లపై గూర్చుందురు. ఎవరి తాత కథ వారికి దెలియును. రెండవ తాత కథ ఎవరికిని తెలియదు. మనకు లేనిది మఱియొక స్మారకము కాదు, ఇద్దఱును కలిసి ప్రవేశింపదగిన యొక్క యిల్లు.

ఇది పాశ్చాత్యుల నుండి యెరువు తెచ్చుకొనవలసిన భావమును గాదు. భారతమున స్త్రీపర్వము చూడుడు. గాంధారి తన కొడుకులకే గాక అభిమన్యునికిని విలపించినది. ధర్మరాజు ఇరుపక్షముల వారికిని, దిక్కులేని శవములకును, సంస్కారము చేయించెను. అట్లని దుర్యోధనుని యధర్మమును ధర్మమని వ్యాసుడు చెప్పలేదు. కన్నీరు పక్షపాతము లేనిది. తీర్పు మాత్రము తన చోట నిలిచియున్నది.

మన యింటిలో మొదటి గదిలో తుపాకి యుండరాదు, అప్పుపత్ర ముండవలెను. గిరిజనుని భూమి శావుకారు చేతి కెట్లు పోయెనో చూపవలెను. గిరిజన భూముల బదిలీని అరికట్టు నిబంధన 1959లోనే చేయబడియు నెందుకు కొఱగాకపోయెనో చెప్పవలెను. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు బోవుచున్న గిరిజనులపై లేవిడి యొద్ద కాల్పులు జరుపగా కోరన్న, మంగన్నలు మరణించిన సంగతి యా తరువాతి గదిలో నుండవలెను. అటుపిమ్మట దళములు చేసిన హత్యలును, పోలీసు కాల్పులును, మఱుగుపఱుపక, తేదీలతో, పేర్లతో నుండవలెను. కడపటి గదిలో, గిరిజనేతరులకు భూమి బదిలీని నిషేధించిన 1970 నాటి నిబంధన యుండవలెను. ఇన్ని ప్రాణములు పోయిన వెనుక గట్టిపడిన యా చట్టము ముందే గట్టిగ నమలైనచో నేమగునో చూచువారే యాలోచింతురు.

మానుచున్న గాయమును రేపుట యెందులకని పెద్దలు కొంద ఱందురు. చీము లోపల నుండగా పైచర్మము మూసికొనుటను వైద్యుడు మానుట యనడు. అది అంతర్యుద్ధము గాదు, శాంతిభద్రతల సంగతియే యని మఱికొంద ఱందురు. పేరేదైనను, ఒక్క తాలూకాలోని బిడ్డలే ఇరువైపుల నుండియు స్మశానమునకు బోయిరి.

ప్రభుత్వము భవనము కట్టువఱకు కాచుకొనుట తగదు. నాటి సంగతులు కన్నులార చూచినవారు వృద్ధులైరి; వారి వెంట సాక్ష్యమును పోవుచున్నది. ఉద్దానపు గృహిణులారా, మీ యింటి అవ్వను కూర్చుండబెట్టుకొని, ఆ యేండ్లలో మీ వాకిట నేమి జరిగెనో అడిగి వ్రాసియుంచుడు. పిదప ఎదురుపక్షపు టింటి అవ్వ చెప్పినదియు వ్రాసి తెచ్చి దాని ప్రక్కన బెట్టుడు. ఆ కాగితములు దాచుటకు నా బడిలో నొక బీరువా ఖాళీగ నున్నది.