ట్రాక్ మీద ఘంటసాల

గుడివాడ చుట్టుపక్కల ఊళ్లలో, దాదాపు ఒకే కాలంలో ముగ్గురు పుట్టారు. 1922 డిసెంబరు 4న చౌటపల్లిలో ఘంటసాల వెంకటేశ్వరరావు, 1923 మే 28న నిమ్మకూరులో ఎన్టీఆర్, అదే దశకంలో రామాపురంలో ఏయన్నార్. తెర మీద ఇద్దరు పెదవులు కదిపారు, ఘంటసాల ఇద్దరికీ పాడారు. ఆ పాటల్లో ఎన్నో రాసిన పింగళి నాగేంద్రరావు బందరులో పెరిగి, అక్కడి జాతీయ కళాశాలలో చదువుకున్నవారు. అందుకే ఈ కృష్ణా డెల్టాలో యాభై దాటిన మనిషి మైకు పట్టుకుంటే వేరే మాట ఉండదు. "ఘంటసాల గారిది ఒకటి అందుకోండి" అంటారు.

ఒకప్పుడు ఆ కోరిక తీర్చాలంటే ఆర్కెస్ట్రా పార్టీని పిలవాలి. తబలా, కీబోర్డు, గిటారు, వాళ్ల భోజనాలు, వ్యాను కిరాయి. ఇంత ఖర్చు పెట్టాక మైకు ఔత్సాహికుల చేతికి ఎవరిస్తారు? ఇప్పుడు ఒక లాప్‌టాప్, చిన్న మిక్సరు, రెండు కార్డ్‌లెస్ మైకులు, రెండు స్పీకర్లు చాలు. డిసెంబరులో ఘంటసాల జయంతికి, ఫిబ్రవరి 11న వర్ధంతికి, శ్రీరామనవమి పందిట్లో, పెళ్లి రోజు విందుల్లో, రికార్డు చేసిన వాద్యాల ట్రాక్ మీద పాడే కరోకే నడుస్తోంది. పాడేది రిటైరైన మాస్టార్లు, బ్యాంకు ఉద్యోగులు, చేపల చెరువుల రైతులు, పిల్లల్ని అమెరికా పంపి ఇంట్లో మిగిలిన అమ్మలు.

కరోకే యంత్రం పుట్టిందే ఇలాంటివాళ్ల కోసం. జపాన్‌లోని కోబే నగరంలో దైసుకే ఇనోఉయే బార్లలో పాడేవాళ్ల వెనక వాద్యం వాయించేవాడు. ఒక కంపెనీ యజమాని తనతో పాటు వేడినీటి బుగ్గల ఊరికి రమ్మన్నాడు. ఇనోఉయేకి కుదరలేదు. ఆ పెద్దమనిషి గొంతుకు, పాడే వేగానికి తగ్గట్టు వాద్యాలు టేపులో రికార్డు చేసి ఇచ్చి పంపాడు. అక్కడి నుంచి 1971లో నాణెం వేస్తే పాడించే పెట్టె వచ్చింది. దానికి ఆయన పేటెంటు తీసుకోలేదు. నాకు ఈ కథలో నచ్చేది పేటెంటు సంగతి కాదు. మొదటి టేపే పాడేవాడి శ్రుతికి దిగి వచ్చింది. మన దగ్గర చాలామంది ఇందుకు తలకిందులుగా, ట్రాక్ ఏ శ్రుతిలో దొరికితే ఆ శ్రుతికి తమ గొంతును ఉరి వేస్తారు.

అసలు తప్పంతా ఇక్కడే. నలభై అయిదు దాటాక గొంతు పై స్థాయిలో కొంత కోల్పోతుంది, కింద కాస్త బరువు సంపాదించుకుంటుంది. పాతికేళ్లప్పుడు రెండు శ్రుతిలో హాయిగా పాడినవాడు ఇప్పుడు ఒకటి దగ్గర నిలబడటంలో నామర్దా ఏమీ లేదు. కానీ స్కేల్ తగ్గించడం పరువు తక్కువనుకునే మగవాళ్లను ప్రతి సభలోనూ చూస్తాం. పల్లవి బాగానే వెళుతుంది, చరణంలో తారస్థాయి రాగానే మెడ నరాలు లేస్తాయి, ముందు వరుసలో భార్య తల దించుకుంటుంది. లాప్‌టాప్‌లో ఒక మీటతో అర శ్రుతి, ఒక శ్రుతి తగ్గించవచ్చు. అంతకు మించి దింపితే మాత్రం తబలా డొల్లగా మోగుతుంది, వయొలిన్లు మొద్దుబారతాయి. అప్పుడు ట్రాక్ మార్చుకోవాలి, లేదా పాటే మార్చుకోవాలి.

ఇంకో చిక్కు పాత రికార్డులది. ఆ రోజుల్లో గాయకుడు, వాద్యబృందం కలిసి ఒకేసారి రికార్డు చేసేవారు కాబట్టి గొంతు లేకుండా వాద్యాల ట్రాక్ విడిగా మిగల్లేదు. మనం వాడే ట్రాకులు చాలావరకు తర్వాత ఎవరో కీబోర్డు మీద మళ్లీ వాయించినవే. పాత రికార్డు తిరిగిన వేగాన్ని బట్టి శ్రుతి కాస్త అటో ఇటో జరుగుతుంది. ఇంట్లో నెలరోజులు అసలు పాటతో సాధన చేసి, సభలో ట్రాక్ మొదలవగానే "ఇదేంటండీ, వేరేలా ఉంది" అని తెల్లబోయేవారి బాధ ఇదే. సాధన ఏ ట్రాక్‌తో పాడతారో దానితోనే చెయ్యాలి.

ఇక ఏ పాట? జనం మెచ్చేది కష్టమైన పాటనేది పెద్ద భ్రమ. జగదేకవీరుని కథలో (1961) ఎన్టీఆరే పాడుతూ, ఎన్టీఆర్లే వాద్యాలన్నీ వాయిస్తూ కనిపించే దర్బారీ కానడ పాట ఉంది. పెండ్యాల వరుస, ఘంటసాల గొంతు. ఏటా ఎవరో ఒకరు దాని మీదకు దండెత్తుతారు, క్షేమంగా తిరిగి వచ్చేవారు తక్కువ. హాలు ఊపిరి బిగబట్టి వింటుంది, అయితే ఎక్కడ జారతాడా అని. అదే మాయాబజార్‌లో (1957) ఘంటసాల, లీల పాడిన పడవ పాట ఎత్తుకుంటే వెనక కుర్చీల్లోవాళ్లు కూడా పెదవులు కదుపుతారు. గుండమ్మ కథ (1962) పాటలు, మూగమనసులు (1964) యుగళగీతం, ప్రేమనగర్‌లో (1971) మనసు విరిగినవాడి పాట ఆ జాబితాలోవే. సభ మనసులో ముందే పాడేసుకుంటున్న పాటే జనం మెచ్చే పాట. పాడేవాడు ఆ మనసులోని పాటకు అడ్డం రాకుండా ఉంటే చాలు.

కాస్త భారీ గొంతు ఉన్నవారికి మాయాబజార్‌లోనే మరో వరం ఉంది. ఘటోత్కచుడి విందు పాట మాధవపెద్ది సత్యం గారిది. అది పాడితే పిల్లలు కూడా ముందుకు వస్తారు. ఆడవాళ్లకు నా సలహా లవకుశ (1963). ఆ పాటల్లో లీల, సుశీల ఇద్దరూ ఆడవాళ్లే కనుక శ్రుతి తగాదా లేదు. ఆడా మగా యుగళగీతంలో ఒకరికి సుఖమైన స్కేల్ రెండోవారికి శిక్ష అవుతుంది. భార్యాభర్తలు పాడితే ఆ శిక్ష ఇంటికి కూడా వెళుతుంది.

నిజం చెప్పాలంటే ఇప్పుడు యాభైల్లో ఉన్నవారు పెరిగింది ఘంటసాలతో కాదు, బాలుతో, ఇళయరాజాతో. అయినా బాలు పాటలు ఈ సభల్లో తరచూ తేలిపోతాయి. ఆయన నవ్వు, గొంతులో జీర, మాట మధ్య చిన్న నిట్టూర్పు, వీటినే అనుకరించి అసలు వరుస వదిలేస్తారు. ఘంటసాల పాటలో అనుకరించడానికి అలాంటి పైపై నగలు తక్కువ. మాట, శ్రుతి, భావం, అంతే.

మాట అనేది ఇక్కడ ఊరికే చెప్పడం లేదు. ఈ నేల చెవి పద్యం మీద పెరిగింది. మొవ్వ క్షేత్రయ్య పదాలు, కూచిపూడి భాగవతులు, పందిళ్లలో పౌరాణిక నాటకాలు, నచ్చిన పద్యానికి "వన్స్ మోర్" కేకలు. ఘంటసాల తండ్రి సూరయ్య గారు నారాయణతీర్థుల తరంగాలు పాడుతుంటే పిల్లవాడు నాట్యం చేసేవాడు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి గారి దగ్గర శాస్త్రీయంగా నేర్చుకున్నాక ఘంటసాల చేసిన గొప్ప పని, రంగస్థలం మీది సాగదీసిన రాగాలాపనను కుదించి, పద్యంలో ప్రతి మాటా అర్థమయ్యేలా మైకుకు ఒప్పించడం. అలాంటి పద్యం విన్నవాళ్లు ఒత్తు మింగితే క్షమించరు. 1996 నుంచి "పాడుతా తీయగా"లో బాలు గారు 'శ'కూ 'ష'కూ తేడా చెప్పి చెప్పి ఆ పట్టింపును ఇంటింటికీ చేర్చారు. కరోకే తెర మీద సాహిత్యం చాలాసార్లు ఇంగ్లీషు అక్షరాల్లో పరుగెడుతుంది. దాన్ని చూసి పాడితే 'ణ' 'న' అవుతుంది, 'ళ' 'ల' అవుతుంది. తెలుగులో చేత్తో నోటు పుస్తకంలో రాసుకుంటే పాట సగం నోటికొస్తుంది, కళ్లు జనం వైపు తిరుగుతాయి.

ఆ పద్యం దగ్గరే యంత్రం ఓడిపోతుంది కూడా. పద్యానికి తాళం లేదు, పాడేవాడి ఊపిరే కొలత. ట్రాక్ ఆగదు, వేచి ఉండదు. పద్యం పాడేవారు ట్రాక్ వద్దని, శ్రుతి పెట్టె ఒక్కటి పెట్టమంటారు. కరోకే సభలో అలాంటి రెండు నిమిషాలు తప్పకుండా ఉండాలి. కరుణశ్రీ పుష్పవిలాపం పద్యాలు ఘంటసాల ప్రైవేటు రికార్డు నుంచి వచ్చి ఇంకా ఇలాగే బతుకుతున్నాయి. ఆయన చివరి రోజుల్లో పాడిన భగవద్గీతను మాత్రం ఎవరూ అడగరు. మన ఊళ్లలో మైకు దాన్ని చావు ఇళ్ల ముందు వినిపిస్తుంది.

మిగతావి చేతి పనులు. వాద్యం ఆగిన చోట తొందరపడి దూకకండి. చాలా పల్లవులు తాళం దెబ్బ పడ్డాక అర మాత్ర ఆగి మొదలవుతాయి, తొడ మీద వేలితో లెక్క పెట్టుకోవాలి. పై స్వరానికి మైకు నాలుగు వేళ్లు దూరం జరపాలి, కింది స్వరానికి దగ్గరికి తేవాలి. రేకుల కప్పు హాల్లో ఎకో పూర్తిగా తీసేయాలి. దివిసీమలో, నాగాయలంక వైపు ఆరుబయట పందిట్లో గాలి గొంతును ఎత్తుకుపోతుంది, అక్కడ కొంచెం ఎకో, పాడేవాడి వైపు తిప్పిన ఒక స్పీకరు కావాలి. తన గొంతు తనకు వినపడనివాడే అరుస్తాడు.

కరోకే వల్ల తబలా, కీబోర్డు వాయించేవారి పొట్ట కొట్టామన్న మాట ఉంది. అందులో నిజం ఉంది. ఏడాదికి ఒక్క సభ అయినా వాళ్లతో నడపమని నిర్వాహకులను అడగాలి. కానీ ఆర్కెస్ట్రా రోజుల్లో కుర్చీల్లో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లే ఇవాళ పాట నేర్చుకుని, చరణం కంఠస్థం చేసి, భయపడుతూ వేదిక ఎక్కుతున్నారు. వినేవాళ్లు పాడేవాళ్లయితే పాత పాట నిలుస్తుంది. జపాన్ యంత్రాల్లో పాట అవగానే మార్కులు తెర మీద పడతాయట. మనకు ఆ అవసరం రాదు, గుడివాడలో ముందు వరుస చాలు.

ఈసారి జయంతి సభకు పేరిచ్చేటప్పుడు పాట పేరు పక్కనే మీ శ్రుతి కూడా రాసి ఇవ్వండి.