గేటు ముందర సద్దిమూట

అంతర్జాతీయ రైలు ప్రయాణమంటే దేశ సరిహద్దును పట్టాల మీదుగానే దాటే ప్రయాణం. విమానాశ్రయపు తీరుతెన్నులు తెలుగు కుటుంబాలకు ఇప్పటికే బాగా అలవాటయ్యాయి గానీ, రైలంటే చిన్ననాటి నుంచీ ఎరిగినదే కదా అన్న ధీమాతో సరిహద్దు రైలుకు బయలుదేరినవారు చిక్కుపడేది స్టేషనులోనే. తెలంగాణ బొగ్గు బెల్టులోని మంచిర్యాల ప్లాట్‌ఫారానికి తలుపంటూ లేదు. టికెట్ కొన్నవారూ సాగనంప వచ్చినవారూ ఒకే వంతెన దిగి, బండి వస్తోందన్న ప్రకటన వినబడ్డాకే సంచులు భుజానికెత్తుకుంటారు. ఈ ఊరి మీదుగా సాగే కాజీపేట–బల్లార్షా మార్గం పూర్తయి మద్రాసు, ఢిల్లీ నేరుగా కలిసింది 1929లో కాగా, అదే ఏడాది మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ తొలినాళ్లలో మంగళూరు నుంచి పెషావర్ దాకా నడిచింది; ఇవాళ పాస్‌పోర్టూ వీసా లేనిదే చేరలేని ఆ ఊరికి అప్పట్లో ఒట్టి టికెట్ చాలింది.

సరిహద్దు రైలుకు కావలసిన క్రమశిక్షణ ఈ ప్రాంతానికి కొత్తదేమీ కాదు, అయితే అది ఇక్కడ రైల్వే స్టేషనులో కాక బాయి దగ్గర కనిపిస్తుంది. బాయి అంటే ఈ బెల్టు మాటలో బొగ్గు గని. షిఫ్టుకు వచ్చిన కార్మికుడు ముందు మస్టర్ పడాలి, అంటే హాజరు వేయించుకోవాలి, తలదీపం తీసుకోవాలి, ఆ తరువాత జేబులు తడిమి చూపించి, బీడీగానీ అగ్గిపెట్టెగానీ లేదని తేలాకే కిందికి దిగాలి. 1957 నాటి బొగ్గు గనుల నిబంధనలూ, వాటి స్థానంలో వచ్చిన 2017 నిబంధనలూ ఈ తనిఖీని తప్పనిసరి చేశాయి, ఎందుకంటే బొగ్గు పొరల్లోంచి వెలువడే మీథేన్‌కు ఒక్క నిప్పురవ్వ చాలు. బయట ఎవరికీ అభ్యంతరం లేని వస్తువు ఒక గీత దాటగానే నిషిద్ధమవుతుందన్న సంగతి తరతరాలుగా ఎరిగిన కుటుంబాలకు, సరిహద్దు రైలు చెక్-ఇన్‌ను అర్థం చేసుకోవడం నిజానికి మిగతావారికన్నా సులువు కావాలి.

చెక్-ఇన్ అనే మాట ఇక్కడ మూడు పనులను కలిపి చెబుతుంది: టికెట్ చూపడం, సామాను తనిఖీ చేయించడం, పాస్‌పోర్టు మీద రెండు దేశాల అనుమతి పొందడం. ఇవి ఎక్కడ జరుగుతాయన్న దాన్ని బట్టి ప్రయాణపు సన్నాహమే మారిపోతుంది. 2008 ఏప్రిల్ 14న కలకత్తా, ఢాకాల మధ్య మొదలైన మైత్రీ ఎక్స్‌ప్రెస్‌లో తొలి ఏళ్లలో ఈ తతంగమంతా దారి మధ్యన, భారత్ వైపు గేదే, బంగ్లాదేశ్ వైపు దర్శనా స్టేషన్లలో జరిగేది; ప్రయాణికులు పిల్లాజెల్లా, మూటాముల్లెతో దిగి, వరుసలో నిలబడి, మళ్లీ ఎక్కవలసి వచ్చేది. 2017 నవంబరులో ఆ పనిని రెండు చివరి స్టేషన్లకే మార్చడంతో ప్రయాణం గంటల కొద్దీ తగ్గింది. భారత్, పాకిస్తాన్‌ల మధ్య 1976 జూలై 22న మొదలైన సంఝౌతా ఎక్స్‌ప్రెస్ 2019 ఆగస్టులోనూ, మైత్రీ 2024 జూలైలోనూ ఆగిపోయాయి. దేశాల మధ్య మాట చెడినప్పుడు ముందుగా ఆగేవాటిలో రైలూ ఒకటి కాబట్టి, నెలల ముందు టికెట్ కొన్నా, బయలుదేరే వారంలో సర్వీసు నడుస్తున్నదీ లేనిదీ మరోసారి విచారించుకోవడం సన్నాహంలో మొదటి మెట్టు.

భద్రాద్రి కల్యాణానికి ఏటా వెళ్లే ఇళ్లకు మనసుకు దగ్గరైన సరిహద్దు రైలు మరొకటి ఉంది. బీహార్‌లోని జయనగర్ నుంచి నేపాల్‌లోకి సాగే ఈ మార్గం సీతమ్మ పుట్టినిల్లుగా కొలిచే జనకపురం మీదుగా వెళుతుంది. 1937 నాటి చిన్న పట్టాల మార్గం 2014లో మూతపడగా, దాన్ని కుర్థా దాకా 35 కిలోమీటర్ల మేర బ్రాడ్ గేజ్‌గా మార్చి 2022 ఏప్రిల్ 2న తిరిగి తెరిచారు. మంచిర్యాల పట్టాల మీదుగానే సాగే సికింద్రాబాద్–దానాపూర్ రైలు బీహార్ చేరుస్తుంది, అక్కడి నుంచి జయనగర్ చేరాలి. నేపాల్‌కు భారతీయులకు వీసా అక్కరలేదు; కానీ గుర్తింపు పత్రం కావాలి, పిల్లలూ వృద్ధులూ తప్ప మిగతావారికి ఆ పత్రం ఆధార్ కాదు. రేషన్ నుంచి రైలు టికెట్ దాకా అన్నిటికీ చెల్లిన కార్డు ఇక్కడ చెల్లదన్నది చాలామందికి తెలియదు. పాస్‌పోర్టు గానీ ఓటరు కార్డు గానీ అసలుది, నకలు కాదు, చేతిసంచిలోనే ఉండాలి. ఇంత దూరం వచ్చినవారు ఆ ఒక్క కార్డు బీరువాలో మరిచిపోయి సీతమ్మ గుడికి గంట దూరం నుంచి వెనుదిరగడం కన్నా బాధాకరమైనది ఉండదు.

ఈ బెల్టు నుంచి బ్రిటన్‌కు చదువుకు వెళ్లిన పిల్లలు సెలవుల్లో పారిస్‌కు ఎక్కే యూరోస్టార్ రైలు 1994 నవంబరులో మొదలైంది. సుమారు 50 కిలోమీటర్ల సొరంగంలో 38 దాకా సముద్రం అడుగునే సాగే ఈ మార్గానికి బ్రిటన్, ఫ్రాన్సు 1991లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. దాన్నీ, తరువాతి ఒప్పందాలనూ అనుసరించి ఒక దేశపు అధికారులు రెండో దేశపు నేల మీదే తనిఖీ చేస్తారు. అంటే లండన్ సెయింట్ పాన్‌క్రాస్ స్టేషనులోనే ఫ్రెంచి పోలీసు పాస్‌పోర్టు చూస్తాడు. గేటు సాధారణంగా బయలుదేరడానికి అరగంట ముందే మూస్తారు కనుక, టికెట్ మీద ముద్రించిన హాజరు వేళనే అసలు రైలు వేళగా లెక్కించుకోవడం మంచిది. బ్రిటన్ విద్యార్థి వీసా ఫ్రాన్సులో చెల్లదు, భారత పాస్‌పోర్టు ఉన్నవారికి షెంజెన్ వీసా, అంటే యూరప్‌లోని పలు దేశాలకు కలిపి ఇచ్చే ప్రవేశానుమతి, విడిగా కావాలి. 2025 అక్టోబరు 12 నుంచి మొదలైన కొత్త నమోదు పద్ధతిలో ముఖచిత్రం వంటివి కూడా తీసుకుంటున్నారు గనుక వరుస మరింత నెమ్మదిగా కదలవచ్చు.

ఇక సద్ది. ప్రయాణానికి కట్టుకునే అన్నాన్ని తెలంగాణలో సద్ది అంటారు. ఇది ఆకలి తీర్చే మూట మాత్రమే అనుకుంటే తక్కువ చేసినట్టే, ఏ పదార్థం ఎన్ని గంటలు నిలుస్తుందో తెలిసిన ఇంటి శాస్త్రం ఇందులో ఉంది. పులిహోర కోసం అన్నాన్ని పలుకుగా వండి, వెడల్పాటి తాంబాళంలో పరిచి, పసుపూ నూనే పట్టించి, ఆవిరంతా పోయాకే చింతపండు గుజ్జు కలుపుతారు. తొందరపడి వేడి మీదే డబ్బాకెత్తితే మూత లోపల ఆవిరి నీటిబొట్లుగా మారి తిరిగి అన్నం మీద పడి, పులుపు ఎంతున్నా మరునాటికి బంకసాగుతుంది. సకినాల సంగతి దీనికి భిన్నం: నానిన బియ్యప్పిండిలో నువ్వులూ వామూ కలిపి, పరిచిన బట్ట మీద వేళ్లతో చుట్లు చుట్టి, తేమను బట్ట పీల్చుకున్నాక నూనెలో వేస్తారు, నీరు దాదాపు మిగలదు కాబట్టి వారాల తరబడి కరకరలాడతాయి.

ఈ శాస్త్రానికి సరిహద్దు మరో ప్రశ్న జోడించింది: పాడవుతుందా అని కాదు, పాలూ మాంసమూ ఉన్నాయా అని. పశువ్యాధులు పాకకుండా యూరోపియన్ యూనియన్ బయటి దేశాల నుంచి ప్రయాణికులు తెచ్చే మాంసాన్నీ పాల పదార్థాలనూ నిషేధించింది. 2021 నుంచి బ్రిటన్ కూడా బయటి దేశమే అయింది. పసిపిల్లల పాలపొడికి పరిమితమైన మినహాయింపు ఉంది. కాబట్టి పులిహోర, సకినాలు, సర్వపిండి గేటు దాటగలవు. దద్దోజనం, పాలకోవా, నెయ్యి సీసా, చికెన్ పచ్చడి దాటలేవు. పండ్లలో చాలావాటికి మొక్కల ఆరోగ్య ధ్రువపత్రం, అంటే చీడపీడలు లేవని వ్యవసాయ అధికారి ఇచ్చే పత్రం, కావాలి. అరటి, కొబ్బరి, ఖర్జూరం, అనాస వంటి కొన్నిటికి అక్కరలేదు. పచ్చి కరివేపాకు రెమ్మకు ఆ పత్రం కావాలి, తాలింపులో వేగి పులిహోరలో కలిసిన ఆకు మాట ఎవరూ అడగరు. విమానంలోలా నీళ్ల సీసాకు పరిమితి లేకపోవడం ఈ రైలులో పెద్ద వెసులుబాటు.

దారి పొడవునా పెరుగన్నం లేనిదే కడుపు నిండని వారుంటారు. వారి కోసం డబ్బా కట్టడం మానుకోవలసిన పని లేదు. సెయింట్ పాన్‌క్రాస్‌లో గేటుకు ఇవతల, దుకాణాల వరుస మధ్య బల్లలు ఉన్నాయి. చెక్-ఇన్ వేళకు మరో అరగంట కలుపుకొని చేరితే, అక్కడే మూత తీసి, మామిడికాయ ముక్క నంజుకుని తిని, డబ్బా కడిగి సంచిలో పెట్టుకుని వరుసలో నిలబడవచ్చు.