నాలుగింటి నీళ్లు

మా పిన్ని కొడుకు మొన్న ఆదివారం తన కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లాడు బైపీసీ. ఎంబీబీఎస్ సీటు రాదని ఇంటిల్లిపాదికీ ఖాయమైపోయాక, మిగిలిన ఆప్షన్లన్నీ ఒక తెల్లకాగితం మీద వరసగా రాసుకొచ్చారు. డెంటల్, వెటర్నరీ, అగ్రికల్చర్, హార్టికల్చర్. అన్నిటికంటే అడుగున బీఎఫ్ఎస్సీ, దాని పక్కన ఒక ప్రశ్నార్థకం.

"అన్నా, నువ్వు చదివింది ఇదే గదా. ఇందులో ఏం నేర్పిస్తారు? మన ఊళ్లో రొయ్యలేసినోళ్లంతా ఏ డిగ్రీ చదివారని?"

"నీళ్లు నేర్పిస్తారు" అన్నాను. పరాచికమనుకుని మా తమ్ముడు నవ్వేశాడు. పిల్లాడు నవ్వలేదు. ఆ ఒక్కందుకే వాడి మీద నాకు కాస్త ఆశ పుట్టింది.

నేను ముత్తుకూరు మత్స్యశాస్త్ర కళాశాలలో చేరింది 1993లో. కాలేజీ మొదలైంది 1991లో. అంటే మాకంటే ముందు ఉన్నది రెండు బ్యాచ్‌లే. నెల్లూరు నుంచి కృష్ణపట్నం పోయే దారి, కాస్త ముందుకెళ్తే కండలేరు క్రీక్, ఆ ఉప్పునీటి చుట్టూ రొయ్యల గుంటలు. గోదావరి జిల్లాల్లో చెరువంటే మా నెల్లూరులో గుంటంటారు. అప్పట్లో మేం వ్యవసాయ విశ్వవిద్యాలయం పిల్లలం. 2005లో పశువైద్య విశ్వవిద్యాలయం వచ్చాక కాలేజీ దాని కిందికి వెళ్లింది. ఆ తర్వాత నర్సాపురంలో చేపలకంటూ సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. చేప మొక్కల జట్టా, పశువుల జట్టా, లేక దాని దారి దానిదేనా అని తేల్చుకోవడానికి మనకి దాదాపు ముప్పై ఏళ్లు పట్టిందన్నమాట.

చేపల గురించి చెప్తారని వెళితే మొదటి ఏడాదంతా మట్టి, నీరు, నాచు. చేప కనబడింది ఫార్మలిన్ సీసాలో. వల అల్లే ప్రాక్టికల్ ఒకటుండేది. సముద్రం పక్క పల్లెల్లో పదేళ్ల పిల్లలు మాటల్లో పడి చేసేసే ముడిని మేం పుస్తకంలో బొమ్మ చూసి నేర్చుకుని, దానికి మార్కులు వేయించుకునేవాళ్లం. ఆ సిగ్గు నాకింకా పోలేదు.

నీళ్ల ప్రాక్టికల్స్‌లో అన్నిటికంటే పెద్దది వింక్లర్ పద్ధతి. నీళ్లలో ఎంత ప్రాణవాయువు కరిగి ఉందో లెక్కగట్టడానికి 1888 నాటి విద్య. గాజుసీసాని నీళ్లలో ముంచి, ఒక్క గాలిబుడగ కూడా లేకుండా నింపాలి. మాంగనస్ సల్ఫేటు, ఆ వెంటనే ఆల్కలీ అయోడైడు వేసి, మూత బిగించి, తలకిందులుగా తిప్పాలి. మడ్డి దిగుతుంది. గోధుమరంగులో దిగితే ప్రాణవాయువు ఉన్నట్టు, తెల్లగా దిగితే లేనట్టు. సగం సంగతి అక్కడే తెలిసిపోతుంది. తర్వాత గంధకామ్లం వేస్తే మడ్డి కరిగి పలచటి టీ రంగుకొస్తుంది. బ్యూరెట్‌లోంచి థయోసల్ఫేటు వదులుతూ ఆ రంగు బాగా పల్చబడ్డాక స్టార్చి వేస్తే సీసా అంతా నీలం. మళ్లీ చుక్క, చుక్క, చుక్క. నీలం మాయమైన చుక్క దగ్గర ఆగి అంకె రాసుకోవాలి. ఒక చుక్క ఎక్కువైతే లెక్క చెడినట్టే. నాకు ఆ ఆఖరి చుక్క మీద మోజు ఉండేది.

రెండో ఏడాది ఒక రైతు గుంట నుంచి నీళ్లు తెచ్చి చేశాం. లీటరుకి ఏడున్నర మిల్లీగ్రాములొచ్చింది. బ్రహ్మాండమైన అంకె. ఆ సాయంత్రమే పోయి ఆయనకి చెప్పాం.

"ఎన్నింటికి పట్టారు నీళ్లు?" అన్నాడాయన.

"పదకొండింటికన్నా."

"పదకొండింటికైతే నా గుంట పెళ్లికొడుకు మాదిరి ఉంటాదబ్బయా. తెల్లారుజామున నాలుగింటికి రా. అప్పుడు చూద్దువు దాని మొహం."

ఆ మాటలో ఉన్న శాస్త్రం మా పుస్తకంలోనూ ఉంది. పగలు ఎండలో నాచు ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రి తయారీ ఆగిపోతుంది, పీల్చడం మాత్రం ఆగదు. రొయ్య, నాచు, అడుగున కుళ్లే మేత, బాక్టీరియా అన్నీ కలిసి రాత్రంతా పీల్చి, పొద్దు పొడవడానికి ముందు గుంటని ఖాళీ చేసి పెడతాయి. పగలు చూసి మురిసిపోయే చిక్కటి పచ్చరంగే రాత్రికి దొంగ. పరీక్షలో దీనికి గ్రాఫ్ గీసి పదికి తొమ్మిది తెచ్చుకున్నవాణ్ణి నేను. నీళ్లు మాత్రం పదకొండింటికే పట్టేవాళ్లం, ల్యాబ్ టైమ్‌టేబుల్ అలా ఉంది కాబట్టి.

1994 చివర్లో మా చదువు ఒక్క ఊపున పాతబడిపోయింది. గుంటల్లో టైగర్ రొయ్యలు మేత మానేసి గట్ల పక్కకి రావడం మొదలుపెట్టాయి. తలపెంకు ఊడదీసి వెలుతురుకి పట్టి చూస్తే తెల్లటి మచ్చలు. మచ్చ కనబడ్డ మూడు నుంచి పది రోజుల్లో గుంట మొత్తం తుడిచిపెట్టుకుపోయేది. ఎకరాలు అమ్మి గుంటలు తవ్వినవాళ్లు, బ్యాంకులో బంగారం పెట్టినవాళ్లు గట్టు మీద కూలబడి ఉండేవాళ్లు. మా పాఠ్యపుస్తకంలో ఆ జబ్బు పేరే లేదు. పాఠం చెప్పే సారు నల్లబల్ల మీద ఏమీ రాయకుండా కాసేపు నిలబడి, "దీనికి మందు లేదు. రాసుకోండి" అన్నారు.

మేం రాసుకున్నాం. ఊళ్లో మందుల కొట్లలో మాత్రం మందు ఉంది. ఒకటి కాదు, అల్మారా నిండా ఉంది.

ఆ తెల్లమచ్చల వైరస్‌కి మందు ఈరోజుకీ లేదు. గుంట చుట్టూ పీతలు దూరకుండా కట్టే వల, పైన పక్షులు వాలకుండా లాగే తాళ్లు, నీళ్లని ముందు ఒక గుంటలో బ్లీచింగ్ కొట్టి నిలవబెట్టి తర్వాత వదలడం, వదలబోయే పిల్లలకి వైరస్ ఉందేమో చూసే పీసీఆర్ పరీక్ష. ఇవాళ రైతులు అలవాటుగా చేసే ఈ పనుల్లో చాలావరకు ఆ దెబ్బ తర్వాత ఊరూరా పాకినవే. ఒక్కటీ మందు కాదు. అన్నీ రానివ్వకుండా ఆపేవే.

మా చదువులో నాకు బాగా నచ్చిన రాత్రి కూడా ఊరికే కూచునే రాత్రే. చేపల ప్రేరిత ప్రజననం. బొచ్చె, శీలావతి చెరువులో పెరుగుతాయి గానీ గుడ్లు పెట్టవు, వాటికి వరదనది కావాలి. 1957 జులై 10న ఒడిశాలో హీరాలాల్ చౌదురి పీయూష గ్రంథి రసం ఎక్కించి ఈ తరహా చేపలతో గుడ్లు పెట్టించాడు. దేశంలో ఆ తేదీనే మత్స్యరైతుల దినంగా జరుపుకుంటున్నది అందుకే. మేం సాయంత్రం తల్లిచేపకి మొదటి ఇంజెక్షన్, ఆరు గంటల తర్వాత రెండోది ఇచ్చి, మగచేపలతో కలిపి హాపాలో, అంటే నీళ్లలో కట్టిన గుడ్డ తొట్టిలో, వదిలాం. అక్కణ్ణుంచి చేసేదేమీ లేదు. టార్చి వెయ్యొద్దు, మాట్లాడొద్దు, నీళ్లు కదపొద్దు. తెల్లారేసరికి హాపా అడుగున ముత్యాల్లాగా గుడ్లు. ఇంజెక్షన్ ఇవ్వడం పది నిమిషాల్లో వచ్చింది. చేతులు కట్టుకు కూచోవడం మాత్రం మాలో చాలామందికి రాలేదు.

చివరి ఏడాది ఒక గుంట దగ్గర కొన్ని వారాలున్నాను. 1996 డిసెంబరు. రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు ఆ నెల్లోనే వచ్చింది. తీరప్రాంత నియంత్రణ పరిధిలోవీ, పులికాట్‌కి కిలోమీటరు లోపువీ తీసెయ్యాలన్నది. గట్ల మీద రోజూ ఇదే చర్చ. ఆ గొడవలో ఒకరోజు పొద్దున్నుంచీ ముసురు, సూర్యుడు మొహం చూపించలేదు. ఆ రాత్రి నేను అలారం పెట్టుకుని నాలుగింటికి లేచాను.

సీసాని వెదురుకర్రకి కట్టి, మూతకి దారం కట్టి, అడుగుదాకా దించి దారం లాగాను. ఇలా పట్టేటప్పుడు కాస్త గాలి కలిసి అంకె ఎక్కువే చూపిస్తుంది. అయినా మడ్డి దాదాపు తెల్లగా దిగింది. చేతులు వణికాయి, చలికో దేనికో. కిరోసిన్ దీపం ముందు బ్యూరెట్ పెట్టుకుని చుక్కలు లెక్కపెడుతుంటే గట్టు అవతల డీజిల్ ఇంజను మోత. రైతు అప్పటికే మోటారు వేసి నీళ్లు ఎగజిమ్మిస్తున్నాడు. టార్చి కొడితే రొయ్యల కళ్లు నిప్పురవ్వల్లాగా గట్టు పొడవునా మెరుస్తున్నాయి. ఆయన చూసిన మీటరు అదే. నేను ఒకటీ పాయింటు ఎనిమిది అని అంకె పట్టుకుని పరిగెత్తేసరికి ఇంజను ఇరవై నిమిషాలుగా తిరుగుతోంది.

పొద్దెక్కాక ఆయన అడిగాడు. "సరే అబ్బయా, ఇప్పుడు ఏం వెయ్యమంటావు?"

"ఏమీ వెయ్యొద్దన్నా. రెండు రోజులు మేత సగానికి తగ్గించు. కొంచెం నీళ్లు మార్చు. ఎండ వస్తే సర్దుకుంటుంది."

"నాలుగేండ్లు చదివి ఏమీ వెయ్యొద్దంటావా?"

ఆ మాటలో ఎగతాళి లేదు, నిజంగా నిరాశపడ్డాడు. పక్క గుంటాయనకి కొట్టువాడు మూడు రకాలు రాసిచ్చాడట.

డిగ్రీ చేతికొచ్చాక మా బ్యాచ్‌లో కొందరు ప్రభుత్వ ఉద్యోగాలకి, కొందరు పీజీకి, మిగిలినవాళ్లం కంపెనీలకి. నాది రొయ్యల మందులమ్మే కంపెనీ. పేరెందుకు? కార్డు మీద 'టెక్నీషియన్' అని ఉండేది. జీతానికి మాత్రం నెల టార్గెట్టే కొలత. ఒక నెలాఖరున, పౌర్ణమి తెల్లారి, ఒక గుంట దగ్గరికెళ్లాను. రొయ్య మేత తినడం లేదని ఆ రైతు కంగారుగా ఉన్నాడు. మేత తిన్నదీ లేనిదీ చూసే చెక్‌ట్రే లేపి చూశాను. మేత మిగిలింది, రొయ్య మెత్తగా ఉంది, అడుగున ఊడిన కుబుసాలు. కుబుసం విడిచే రెండు రోజులు రొయ్య తినదు. పెంకు గట్టిపడగానే తనే తింటుంది. ఇది నాకు నిద్రలో అడిగినా తెలుసు. నా టార్గెట్‌కి రెండు డబ్బాలు తక్కువున్నాయన్న సంగతీ తెలుసు.

రెండు డబ్బాలు ఇచ్చాను. మూడోరోజుకి రొయ్య మేత అందుకుంది. అందుకోక ఏం చేస్తుంది? "సారిచ్చిన పొడి అమృతం" అని ఆయన నాలుగు ఊళ్లలో చెప్పాడు. ఆ పంటలో నలభై డబ్బాలు అమ్మాను. కంపెనీవాళ్లు శాలువా కప్పారు.

2009లో వనామీ రకం రొయ్య వచ్చాక ఆట వేగం పెరిగింది. చదరపు మీటరుకి అరవై పిల్లల దాకా వేసుకోవచ్చన్నారు. ఏరేటర్లు తిరగని గుంట లేదు, కరెంటు పోతే గుండె పోయినట్టే. ఇప్పుడు మీటరు ముంచితే నిమిషంలో ప్రాణవాయువు అంకె వస్తుంది. ల్యాబులు ఊరూరా ఉన్నాయి, చాలావరకు మందుల కొట్టు వెనక గదిలో. బల్ల దగ్గర కూచున్న కుర్రాడు మన బీఎఫ్ఎస్సీనో, జువాలజీ డిగ్రీనో. పరీక్ష ఉచితం. చీటీ రాసే చెయ్యీ, మందు అమ్మే చెయ్యీ ఒకటే. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ల లాంటివి రొయ్యలకి వాడకూడదని నిషేధించి ఏళ్లయినా, వాటి ఆనవాళ్లు దొరికాయని ఎగుమతి సరుకు వెనక్కొచ్చిందన్న వార్త అప్పుడప్పుడూ వింటూనే ఉన్నాం. చదువు తక్కువై కాదు ఇదంతా. ఆ కుర్రాడికి నాకు తెలిసినంతా తెలుసు. ఏమీ వెయ్యొద్దని చెప్పినందుకు జీతమిచ్చేవాడే వాడికి ఇంకా దొరకలేదు.

ఇవన్నీ మా తమ్ముడితో చెప్పలేదు. పిల్లాడితో మాత్రం ఆ కాగితం మీద ప్రశ్నార్థకం కొట్టేయమన్నాను. బీఎఫ్ఎస్సీని ఎన్నో నంబరులో పెట్టుకుంటాడో వాడి ఇష్టం.

పోయిన ఏడాది ఏదో పనిమీద వెళుతూ ఆ డబ్బాల రైతు గుంట దగ్గర ఆగాను. కొడుకు చేతికి సాగు వదిలేశాడు గానీ రోజూ గట్టు మీదికి రాకుండా ఉండలేడు. షెడ్డులో మేత బస్తా మీద ఒక తెల్ల ప్లాస్టిక్ డబ్బా. లేబుల్ ఎండకి వెలిసిపోయింది, మా కంపెనీ బొమ్మ తోక మాత్రం మిగిలింది. మేత కొలవడానికి వాడుతున్నాడు.

"ఎంత పడుతుందన్నా ఇందులో?" అన్నాను.

"తలకొట్టి పోస్తే ముప్పావు కిలో" అన్నాడు.

చేత్తో తీసుకుని చూశాను. పగుల్లేదు, అంచు కూడా అరగలేదు. మంచి డబ్బాయే.